టీ దొరగారి బిరుదులు

ఒకానొక కొండల నడిమి రాజ్యం. పేరు పొగడగిరి. ఎంత రాజ్యమయ్యా అంటే, ఈ పొలిమేరలో ఒకడు తుమ్మితే ఆ పొలిమేరలో ఇంకొకడు "చిరంజీవ" అనేంత. దాన్ని ఏలే జగ్గభూపతికి మాత్రం అరవై నాలుగు బిరుదులు. ఏనుగెక్కి ఏ శత్రువూ ఎన్నడూ రాలేదు గాని ఆయన "శత్రుగజ కంఠీరవుడు". సముద్రాన్ని కంటితో చూడలేదు గాని "సప్తసముద్రాధీశ్వరుడు". చిన్నప్పుడు కందిరీగ కుట్టినా ఏడవలేదని తాతగారు మురిసిపోయి ఇచ్చిన "ధైర్యమేరు" కూడా ఆ పట్టీలో ఉంది.

రాజుగారు ఏది నోట పెట్టుకోవాలన్నా ముందు ఆ అరవై నాలుగూ చదవాలి. అది కోట కట్టుబాటు. చదివేవాడు సింగరభట్టు. ఆయనది కంచుగొంతు, గొంతుని మించిన తెలివి, తెలివిని మించిన భయం. మొత్తం చదవడానికి ఒక గడియ పట్టేది. ఆ గడియసేపూ సభలో ఎవరూ పెదవి కదపకూడదు. కదిపితే పొలిమేర దాటించేవారు.

ఈలోగా వడ్డించిన అన్నం చల్లారిపోయేది. రాజుగారికి ఆ సంగతే తెలియదు. పుట్టి బుద్ధెరిగాక వేడన్నం తిన్న పాపాన పోలేదు మరి. అన్నమంటే చల్లగానే ఉంటుందనుకునేవారు పాపం!

ఒకనాడు రాజుగారు వేటకి బయలుదేరారు. ఆ వేళ భట్టు, గొంతు బొంగురుపోయి, ఇంట్లో మిరియాల కషాయం తాగుతూ ఉండిపోయాడు. అడవిలో జోరున వాన పట్టుకుంది. తడిసి ముద్దయిన రాజుగారు కొండదారి పక్కనున్న ఒక తాటాకు పాకలో దూరారు. అది నూకాలమ్మ పాక. దారిన పోయే బండివాళ్ళకి టీ కాచి పోయడం ఆవిడ బతుకుతెరువు. ఆ రోజుల్లో టీ అంటే ఇంకా వింతే. వచ్చినవాడు రాజని ఆవిడకి తెలియదు.

"తడిసిపోనావు గదా బాబూ! ముందిది తాగు, ఊసులు తరవాత," అని గ్లాసు చేతిలో పెట్టింది.

అల్లం ఘాటు ముక్కుకీ, వేడి పొట్టకీ, ఆనందం నడినెత్తికీ ఎక్కాయి. రాజుగారు వరసగా మూడు గ్లాసులు తాగారు. మర్నాడే పల్లకీ పంపి నూకాలమ్మని కోటకి రప్పించారు.

కోటలో ఆవిడ టీ కాచింది. వెండి గ్లాసులో పోసి రాజుగారి ముందు పెట్టారు. సింగరభట్టు గొంతు సవరించుకున్నాడు. అరవై నాలుగూ చదివాడు. రాజుగారు ఒక గుక్క తాగి, ఆముదం తాగిన మొహం పెట్టారు.

రెండో రోజూ అంతే. పదో రోజూ అంతే. ఆస్థాన పండితుడు పేరిశాస్త్రి రంగంలోకి దిగాడు. నల్లావు పాలు వాడమన్నాడు. వాడారు. తూర్పుముఖంగా కాయమన్నాడు. కాచారు. అల్లాన్ని మంత్రించి దంచమన్నాడు. అదీ అయింది. టీ మాత్రం మారలేదు. శాస్త్రం తప్పిందని ఒప్పుకుంటే శాస్త్రిగారి పరువేం కాను? అందుకని ఆయన నేరం ఆవిడ మీదికి తోశాడు.

"మహాప్రభో! ఇది కావాలని చేస్తున్న పని. పాకలో బండివాళ్ళకి అమృతం, కోటలో తమరికి కుడితి!"

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. "రేపు పొద్దున్నే ఆఖరి టీ. అదీ ఇలాగే ఏడిస్తే, ఈమె నా రాజ్యంలో ఇంకెక్కడా పొయ్యి వెలిగించడానికి వీల్లేదు!"

నూకాలమ్మ వంటశాల మెట్ల మీద కూలబడి ఏడ్చింది. సింగరభట్టు అటుగా వస్తూ ఆగాడు.

"అదే ఆకు, అదే అల్లం, అదే సెయ్యి," అంది ఆవిడ ముక్కు చీదుతూ. "ఏటి తక్కువైనాదో నాకు తెల్దు బాబూ. పొయ్యి ముట్టించొద్దంటే నానెలా బతికీది? నాకొచ్చిన పని అదొక్కటే గదా!"

రాజుగారు వదిలేసిన గ్లాసు ఆవిడ పక్కనే ఉంది. భట్టు దాన్ని ముట్టుకుని చూశాడు. బావినీళ్ళలా చల్లగా ఉంది. పైన మీగడ తోలు కట్టి ఉంది. తప్పు తన నోటిది, శిక్ష ఆవిడ పొయ్యికి! కానీ పోయి పోయి రాజుతో "తమ బిరుదులు మరీ పొడుగు" అని చెప్పేదెవరు? పిల్లి మెడలో గంట కట్టడమే అది.

రాత్రంతా నిద్ర పట్టక దొర్లి, తెల్లారేసరికి భట్టు ఒక నిశ్చయానికి వచ్చాడు.

సభ నిండింది. భట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభో! టీ ఎందుకు చెడుతోందో నాకు బోధపడింది. ఏలినవారి నోటికి వెళ్ళేది సామాన్యమైన పదార్థమా? తమరికేమో అరవై నాలుగు బిరుదులు. దానికేమో బోడిగా 'టీ' అని ఒక్క అక్షరం. ఆ అవమానం భరించలేక రుచి చంపుకుంటోంది. సెలవైతే దానికీ అరవై నాలుగు బిరుదులు కట్టి చదువుతాను."

రాజుగారు మీసం దువ్వారు. "నిజమే సుమా! నా నోట్లోకి పోయేది అనామకంగా పోవడమేమిటి? చదువు!"

"ఇంకో మనవి. కుంపటి ఇక్కడే పెట్టించండి. ఆవిడ తమ కళ్ళ ముందే కాస్తుంది. మోసమేదైనా ఉంటే తమరే పట్టుకోవచ్చు."

కుంపటి వచ్చింది. నూకాలమ్మ నీళ్ళు పెట్టింది. నీళ్ళు తెర్లాక ఆకు వేసి, దంచిన అల్లం పడేసి, పాలు పోసింది. ఒక పొంగు రానిచ్చి దింపింది, మళ్ళీ పెట్టి ఇంకో పొంగు రానిచ్చింది. పంచదార కలిపి, ఎత్తు నుంచి సర్రున గ్లాసులోకి పోసింది. ఆ వాసనకి ద్వారం దగ్గరున్న భటులు కూడా బల్లేలు వదిలేసి ముక్కులు ఎగబీల్చారు.

రాజుగారి చెయ్యి గ్లాసు మీదికి పోయింది. భట్టు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"శ్రీమత్ శీతశైల శిఖర సంజాతా! గోక్షీర సంగమ సంతుష్టా! పంచదార పట్టాభిషిక్తా!"

రాజుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పొగలు గిర్రున తిరుగుతూ ఆయన ముక్కుకి తగులుతున్నాయి.

"తలనొప్పి తిమిర మార్తాండా! ఆవులింతల పాలిటి అశనిపాతా! అల్లపు ఘాటు గండభేరుండా!"

పొగలు పలచబడ్డాయి. రాజుగారు సింహాసనంలో అటు జరిగారు, ఇటు జరిగారు. భట్టు ఒక్కొక్క బిరుదునీ రాగం తీసి మరీ చదువుతున్నాడు.

"జలుబు జరాసంధ భీమసేనా! బద్ధకబ్రహ్మరాక్షస మంత్రవాదీ! అత్తాకోడళ్ళ సంధికార్య ధురంధరా!"

పొగలు ఆగిపోయాయి. పైన సన్నగా మీగడ కట్టడం మొదలైంది. రాజుగారి కళ్ళు ఆ మీగడ మీదే ఉన్నాయి. మీసాలు అదురుతున్నాయి.

"బండివాళ్ళ బడలికా..."

"ఆపవయ్యా నీ బిరుదులు తగలెయ్య!" అని రాజుగారు లేచి నిలబడి అరిచారు. "అక్కడ టీ చల్లారి ఛస్తోంది!"

భట్టు వినయంగా వంగాడు.

"చిత్తం మహాప్రభో. ఇప్పటికి తొమ్మిదే అయ్యాయి. తొమ్మిదింటికే ఇంత చల్లారింది."

రాజుగారు గ్లాసుకేసి చూశారు. భట్టుకేసి చూశారు. కళ్ళు తుడుచుకుంటున్న నూకాలమ్మకేసి చూశారు.

"అయితే ఇన్నాళ్ళూ... నావి చదువుతున్నప్పుడు..."

"తమవి వినేటప్పుడు తమరికి కాలం తెలియదు ప్రభూ. టీకి తెలుస్తుంది."

పేరిశాస్త్రి నోరు తెరిచాడు. "రాజద్రోహం! బిరుదుల మధ్య మాట్లాడితే పొలిమేర..." అని, మాట్లాడిందెవరో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ముందు రాజుగారి పొట్ట కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత నవ్వు కట్టలు తెంచుకుంది. కిరీటం జారి ఒళ్ళో పడినా ఆగలేదు. రాజు నవ్వగా మంత్రులు నవ్వారు, మంత్రులు నవ్వగా భటులు నవ్వారు.

"మళ్ళీ కాయి తల్లీ!" అన్నారు రాజుగారు కళ్ళు ఒత్తుకుంటూ. "భట్టూ, ఇవాళ్టి నుంచి నేను తిన్నాకా తాగాకా చదువు!"

ఈసారి నూకాలమ్మ పోసింది పోసినట్టే తాగారు. నాలిక చుర్రుమన్నా గ్లాసు దించలేదు. తన చేతి బంగారు కడియం తీసి భట్టు చేతికి తొడిగారు. "నీకేం కావాలో కోరుకో," అన్నారు నూకాలమ్మతో.

"నా పాక కాడికి నన్నంపీండి బాబూ. బండోళ్ళు ఎదురుసూత్తుంటారు."

"మరి నాకో?"

"తమరే రండి. దారి ఎరుగుదురు గదా!"

సభ గతుక్కుమంది. రాజుగారు మళ్ళీ పడీ పడీ నవ్వి, ఆవిడని పల్లకీలోనే పంపించారు. పాక మీద తాటాకు తీసేసి పెంకు వేయించారు.

వారం తిరక్కుండానే రాజుగారు గుర్రమెక్కి ఆ పాక దగ్గర దిగారు. వెనకే భట్టు. రాజుగారు బండివాళ్ళ మధ్య బల్ల మీద సర్దుకుని కూర్చుని టీ తాగేశారు. ఇక తన వంతు వచ్చిందని భట్టు గొంతు సవరించుకుని "శ్రీమత్..." అన్నాడో లేదో, నూకాలమ్మ ఆయన చేతిలో పొగలు కక్కే గ్లాసు పెట్టింది.

"ఇన్నాళ్ళూ నా టీ సల్లార్సినారు గాని ఒక్క గుక్కైనా తాగినారా బట్టుగారూ? ముందు తాగండి."

భట్టు తాగాడు. ఇంకొకటి అడిగాడు. పొద్దు వాలేదాకా ఆ పాకలో ఒక్క బిరుదూ వినపడలేదు. రాజుగారు కూడా అడగలేదు.