జాజి లేచేదాకా కూర్చున్న బీరవ్వ

అనగనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. మబ్బులు తిరిగి తిరిగి అలసిపోతే నేల మీదికి దిగి పడుకునే కాలం. అప్పుడు ఒక కొండ కింద కురుమల గూడెం ఒకటి ఉండేది. గొర్రెలే వాళ్ళ బతుకు.

కొండకు ఇవతల గూడెం, అవతల పచ్చిక. చలికాలంలో ఇవతలి గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని కొండ దాటాలి. దారి ఒక్కటే. దాని నిండా ఎప్పుడూ మంచు. చెయ్యి చాపితే ఆ చెయ్యే కనపడదు. అందుకని ముందు ఒక కుక్క నడిచేది. కుక్క మెడకు పగ్గం, పగ్గం పట్టుకుని ఒక మనిషి, మనిషి వెనక మంద. కుక్కే ఎందుకు అంటారా? ఏళ్ళ తరబడి గొర్రెలు నడిచిన దారికి ఒక వాసన పడుతుంది. అది మన ముక్కుకు అందదు. కుక్క ముక్కుకు అందుతుంది. అదీ సంగతి.

ఆ ఏడు వానాకాలంలో ముందు నడిచే ముసలి కుక్క చచ్చిపోయింది. దాని పిల్ల ఒక్కటి మిగిలింది. ఎర్రమట్టి లాంటి జాజు రంగులో ఉండేది కాబట్టి అందరూ దాన్ని జాజి అన్నారు. ఊరికే వదిలేస్తే గూడెమంతా గెంతేది. మెడకు పగ్గం పడితే మాత్రం కూర్చునేది.

మందపెద్ద కొమురయ్య పగ్గం పట్టి గుంజాడు. జాజి కూర్చుంది. ఇంకా గుంజాడు. కూర్చున్నది కూర్చున్నట్టే నేల మీద జారుతూ వచ్చింది తప్ప ఒక్క కాలూ కదపలేదు. మీ చెయ్యి ఎవరైనా పట్టి లాగితే మీరు ఎటు ఒరుగుతారు? వెనక్కే కదా. కుక్కపిల్లా అంతే.

కొమురయ్య తమ్ముడు ఐలయ్య మాంసం ముక్క చూపించాడు. ముక్క ఉన్నంతసేపూ జాజి నడిచింది. ముక్క అయిపోయింది. జాజి కూర్చుంది.

కొమురయ్య భార్య లచ్చవ్వ వెనక నుంచి తోసింది. జాజి చుట్టూ తిరిగి తిరిగి, పగ్గం ఆమె కాళ్ళకే చుట్టి పడేసింది. ఆ తర్వాత కూర్చుంది.

"వదినె, నీకు పగ్గం మంచిగ కుదిరింది. నిన్నే ముందు నడిపిద్దం తియ్యి," అన్నాడు ఐలయ్య.

"నవ్వు నవ్వు. ఇది నడువకుంటె పగ్గం నీ మెడకు కడ్త," అంది లచ్చవ్వ లేస్తూ.

కొమురయ్య మాత్రం నవ్వలేదు. "నాలుగో పొద్దుకు బయలెల్లాలె. ఇది నడిస్తె మంచిదే. నడువకుంటె కుక్క లేకుండనే పోతం," అన్నాడు.

ఆ మాటకు అందరూ ఒక గుడిసె వైపు చూసి తల దించుకున్నారు. కుక్క లేకుండా పోవడమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. మిట్టమధ్యాహ్నం మంచు కాస్త పలచబడుతుంది. ఆ కాసేపట్లోనే, ముందువాడి వీపు చూసుకుంటూ వెనకవాడు పరుగులాంటి నడక నడవాలి. చూపు ఆననివాళ్ళు, కాళ్ళు సాగనివాళ్ళు గూడెంలోనే ఆగిపోవాలి. వాళ్ళకు ఇన్ని జొన్నలు, ఒక గొంగడి ఇచ్చి పోతారు. మునుపు కుక్క లేని ఏళ్ళలో అలా ఆగిపోయినవాళ్ళు, మంద తిరిగి వచ్చేసరికి ఏనాడూ లేరు.

ఆ గుడిసె బీరవ్వది. ఆమె గొంగళ్ళకు ఉన్ని వడికే ముసలిది. ముందూ వెనకా ఎవరూ లేరు. రెండు కళ్ళ మీదా పొరలు కమ్మాయి. పగలూ రాత్రీ తెలిసేది గానీ మనిషి ముఖం తెలిసేది కాదు.

బీరవ్వ బయటికి వచ్చింది. "మూడు పొద్దులు ఆ పిల్లను నాకియ్యి బిడ్డా," అంది.

"నీకే దారి కనవడది. దానికేం నేర్పుతవే అవ్వా?" అన్నాడు ఐలయ్య.

"నేర్పుత అన్ననా? దాని ఎంబడి పోత అన్న."

మొదటి పొద్దు బీరవ్వ పగ్గం తీసేసింది. కదురు మీద ఉన్న ఉన్నిదారం, ఒంటిపేట దారం, జాజి మెడకు కట్టింది. గాలికి తెగేంత దారం. జాజికి అది ఉందన్న సంగతే తెలియలేదు. "పోదమా జాజీ?" అంది బీరవ్వ. జాజి కూర్చుంది. బీరవ్వా కూర్చుంది. చాలాసేపటికి ఒక పురుగు అటుగా పోయింది. జాజి పురుగు వెంట పోయింది. బీరవ్వ జాజి వెంట పోయింది.

ఉన్ని వడికే చెయ్యి కదా అది. దారం ఎప్పుడు తెగబోతుందో తెగక ముందే ఆ వేళ్ళకు తెలుసు. బిగుసుకుంటుందనగా నాలుగడుగులు తొందరగా వేసేది. అయినా దారం మూడుసార్లు తెగింది. మూడుసార్లూ ముడేసింది.

"ఎవలు ఎవలను తోల్కపోతున్నరే అవ్వా?" అన్నాడు ఐలయ్య.

"మాకు గూడ తెలుస్తలేదు బిడ్డా," అంది బీరవ్వ.

రెండో పొద్దు రెండుపేట దారం. "పోదమా జాజీ?" అంది. జాజి లేచింది. కొంచెం దూరం పోయాక ఈసారి బీరవ్వ ఆగింది. దారం మెడకు తగిలీ తగలనట్టు తగిలింది. జాజి వెనక్కి చూసింది. ఎవరూ గుంజడం లేదు. తిరిగి వచ్చి ఆమె పాదాల మీద కూర్చుంది.

మూడో పొద్దు మూడుపేట దారం. "పోదమా జాజీ?" అంది. ఇద్దరూ నీళ్ళ చెలమ దాకా పోయారు. చెలమ దాటి కొండ మొదలు దాకా పోయారు. దారం ఒక్కసారీ తెగలేదు.

నాలుగో పొద్దున కొమురయ్య వచ్చాడు. "మంచిగ నేర్పినవు అవ్వా. ఇగ ఇటియ్యి, నేను ముందు నడుస్త," అని దారం పుచ్చుకున్నాడు. పట్టుకోవడంతోనే గుంజాడు. పాత అలవాటు. దారం పుటుక్కున తెగింది. జాజి కూర్చుంది.

బీరవ్వ తడుముకుంటూ వచ్చి ముడేసింది. "తెగేటిదే బిడ్డా అది. తెగకుండ నడువాలె, గంతే."

కొమురయ్య తన చేతులు చూసుకున్నాడు. పలుపులు పట్టి కాయలు కాచిన చేతులు. "నాతోని గాదు. నువ్వే నడువు అవ్వా," అన్నాడు. గూడెంలో ఆగిపోవలసిన మనిషి మందకు ముందు నిలబడింది.

మంచులోకి పోయారు. అక్కడ కళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకటే. గొర్రెలు మబ్బులో కలిసిపోయాయి. ఏది ఉన్నో ఏది మంచో తెలియదు. మెడ గంటలు ఎక్కడో నీళ్ళ అడుగున మోగుతున్నట్టున్నాయి. అందరికీ ముందు ఒక్కటే మాట, నిద్రలో వినపడినట్టు. "పోదమా జాజీ? పోదమా?"

సగం దారిలో జాజి కూర్చుంది.

"గుంజు అవ్వా! వెలుగు పోతది, గుంజు!" అని వెనక నుంచి అరిచారు. బీరవ్వ గుంజలేదు. తనూ కూర్చుంది. ఆమె వెనక కొమురయ్య కూర్చున్నాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. చివరికి గొర్రెలూ పడుకున్నాయి.

జాజి ఎందుకు కూర్చుంది? ముందు లోయ ఉందని కొందరు చెబుతారు. పులి ఉందని కొందరు. మా అమ్మమ్మ మాత్రం, దానికి కాళ్ళు నొప్పి పుట్టాయి, అంతే అనేది. నాకూ అదే నిజమనిపిస్తుంది. పసిది కదా.

అలా కూర్చున్నంతసేపూ వెనక నుంచి ఒక్కొక్కరే వచ్చి కలిశారు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి వచ్చింది. కాలు విరిగిన పొట్టేలు వచ్చింది. నిన్న మొన్న పుట్టిన గొర్రెపిల్లలు వచ్చాయి. అందరూ వచ్చాక జాజి ఒళ్ళు విరుచుకుని లేచింది.

అవతలి పచ్చికలో దిగాక కొమురయ్య మందను చూసుకున్నాడు. మనుషులను చూసుకున్నాడు. ఏటా వెనకబడి ఎవరో ఒకరు తక్కువయ్యేవారు. ఆ ఏడు ఎవరూ తక్కువ కాలేదు. నమ్మలేక మూడుసార్లు చూసుకున్నాడు.

"అవ్వా, మనం ఇన్నేండ్లు ఉరికినం గదనే," అన్నాడు. గడ్డిలో కూలబడి ఏడ్చాడు.

బీరవ్వ ఇంకా కొన్నేళ్ళు బతికింది. ఆ పచ్చికలోనే ఒక చలికాలం కన్నుమూసింది. ఆమెకు గుడి లేదు, రాయి లేదు. అయినా ఆ గూడెంవాళ్ళు కొండ దాటేటప్పుడు గూడెంలోకెల్లా చిన్న కుక్కపిల్లను ముందు నడిపిస్తారు. సగం దారికి రాగానే, అలసినవాళ్ళూ అలవనివాళ్ళూ అందరూ మంచులో కూర్చుంటారు. ఎవరూ మాట్లాడరు, ఎవరూ తొందరపెట్టరు. ఆ కుక్కపిల్ల తనంతట తాను లేచినప్పుడే లేస్తారు.