ఆగని కారు

అనగా అనగా, రాజులు వెళ్ళిపోయి రాజుగారి కార్లు మాత్రం మిగిలిన రోజుల్లో, మిట్టపాలెంలో మస్తానయ్య అనే మెకానిక్కు ఉండేవాడు. ఆ ఊరు ఒక మిట్ట మీద ఉంది. ఉన్న ఒక్క పెద్ద వీధీ ఏటవాలుగా దిగి, తిన్నగా ఏటి ఒడ్డుకు పోతుంది.

మస్తానయ్య దగ్గర ఒక అమెరికా కారు ఉంది. ఒకప్పుడు జమీందారుగారు ఓడలో తెప్పించుకున్నది. దాని పైకప్పు గుడ్డది, కావాలంటే వెనక్కి మడుచుకోవచ్చు. దివాణం పశువుల కొట్టంలో గడ్డి కింద పడి ఉంటే కొని తెచ్చి, మూడేళ్ళు దాని మీదే ప్రాణం పెట్టాడు. ఇంజను విప్పి బిగించాడు. చిలకపచ్చ రంగు వేశాడు. పైకప్పు గుడ్డను ఎలుకలు ఏనాడో కొరికేశాయి, ఆ పని మిగిలిపోయింది. బ్రేకుల పనీ మిగిలిపోయింది.

ఇంతలో కారు ఉంచిన రేకుల షెడ్డు యజమాని వారంలో ఖాళీ చేయమన్నాడు. పడమట మబ్బు పట్టింది. కప్పులేని కారు వానలో నానితే మూడేళ్ళ కష్టం మట్టిపాలే. మస్తానయ్యకు అన్నం సయించలేదు. ఉరిమినప్పుడల్లా బయటికి వచ్చి మబ్బు వైపు చూసేవాడు. "సగం బాగుచేసిన కారు అమ్మబడును" అని పలక మీద రాసి గేటుకు కట్టాడు.

మొదట జమీందారుగారి మనవడు వచ్చాడు. తాతగారి కారని ముచ్చటపడ్డాడు. బ్రేకులు పట్టవని చెప్పగానే మొహం చిట్లించి వెళ్ళిపోయాడు.

రెండోసారి నాటకాల కంపెనీ ఆసామి వచ్చాడు. రాజు వేషాన్ని ఇందులో ఊరేగిస్తే జనం విరగబడతారని సంబరపడ్డాడు. మస్తానయ్య అతనికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆసామి మళ్ళీ వస్తానని చెప్పి, రాలేదు.

మస్తానయ్య బావమరిది చెంచురామయ్యకు ఒళ్ళు మండింది. నోరు తెరిచి బేరం చెడగొడుతున్నావన్నాడు. ఈసారి తానే మాట్లాడతాననీ, ఒక్క అబద్ధం కూడా ఆడననీ అన్నాడు. మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. మస్తానయ్య సరేనన్నాడు.

మూడోసారి బట్టల కొట్టు కామాక్షయ్య శెట్టి వచ్చాడు. తల్లి ఆదెమ్మను కారులో కూర్చోబెట్టి, ఏటి ఒడ్డున అమ్మవారి గుడికి తీసుకెళ్ళాలని ఆయన కోరిక. కారు చుట్టూ తిరిగి చూసి, దారిలో ఎక్కడైనా ఆగుతుందా అని అడిగాడు.

"ఆగడమా? ఒకసారి కదిలిందంటే ఇక ఆగదు శెట్టిగారూ," అన్నాడు చెంచురామయ్య.

శెట్టి మురిసిపోయాడు. మొరాయించని బండి అనుకున్నాడు పాపం. బండిని మెచ్చుకోవాలంటే మనవాళ్ళు అనేది ఆ మాటే కదా. ఆ మాటకు అర్థం అది కాదని మస్తానయ్య చెప్పాలనుకున్నాడు. అంతలో ఉరిమింది. ఊరుకున్నాడు. బేరం కుదిరింది.

మర్నాడు ఉదయం మంచి గడియ చూసుకుని శెట్టి కుటుంబంతో వచ్చాడు. కారుకు పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచారు. ఆదెమ్మ మునిమనవరాలిని ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. శెట్టి వెంట తెచ్చుకున్న డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ముందు వీధి, వీధి చివర ఏరు. ఆ పసిది మస్తానయ్య వైపు చూసి చెయ్యి ఊపింది.

ఇక ఉండలేకపోయాడు. పరుగున వెళ్ళి, ముందు చక్రాల కింది నిమ్మకాయలు లాగేసి రెండు బండరాళ్ళు పెట్టాడు.

"ఆగదంటే ఆగదు శెట్టిగారూ. బ్రేకు తొక్కినా ఆగదు. అమ్మగారినీ పాపనీ దించండి."

శెట్టి మొహం నల్లబడింది. తానేమీ అబద్ధం ఆడలేదని చెంచురామయ్య గొణిగాడు. శెట్టి అతని వైపు చూడనైనా లేదు. నిన్నటి నుంచీ నోట్లో ఏం పెట్టుకున్నావని మస్తానయ్యనే అడిగాడు.

"భయం పెట్టుకున్నానండీ. వానకు కారు పాడైపోతుందని నిన్న భయపడ్డాను. ఇవాళ అంతకంటే పెద్ద భయం పట్టుకుంది," అన్నాడు మస్తానయ్య. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఆదెమ్మ మెల్లగా కారు దిగింది. బండరాళ్ళ మట్టి అంటిన అతని చేతుల వంక చూసింది.

"బేరం పోతుందని తెలిసీ నిజం చెప్పాడు. కొంటే ఇతని దగ్గరే కొనరా అబ్బాయీ," అంది కొడుకుతో. "మన బట్టల బేళ్ళ కొట్టంలో చోటుంది. పని పూర్తయ్యేదాకా కారును అక్కడ పెట్టించు."

తొలి చినుకులు పడుతుండగా అందరూ కలిసి కారును కొట్టంలోకి నెట్టారు. చెంచురామయ్య కూడా ఒక చెయ్యి వేశాడు. నెల తిరిగేసరికి ఆ చిలకపచ్చ కారు ఆదెమ్మను ఎక్కించుకుని వీధంతా దిగి, అమ్మవారి గుడి ముందు మెత్తగా ఆగింది.

అబద్ధం ఆడకపోతే చాలదు పిల్లలూ, మన మాటను ఎదుటివాళ్ళు పొరపాటుగా అర్థం చేసుకున్నారని తెలిసీ ఊరుకుంటే, అదీ అబద్ధమే.