ఎటు పోవాలో తోచని బూజమ్మ

ఒకప్పుడు బూజుకి పోగులు లేవు. నున్నగా, గుండ్రంగా రాగిముద్దలా ఉండేది. అడవిలో అందరూ దాన్ని బూజమ్మా అని పిలిచేవారు. పాపం, బూజమ్మకు తానెవరో తనకే తెలియదు.

ఒకరోజు నేలమ్మ అడవికంతా బంతిభోజనం పెట్టింది. చెట్లన్నీ ఒక బంతిలో, జంతువులన్నీ ఎదురుబంతిలో కూర్చున్నాయి. చెట్లకు ఎండా నీళ్ళూ, జంతువులకు కాయా కండా వడ్డించింది.

బూజమ్మ తిండి తిని చాలా రోజులైంది. ఒళ్ళు ఎండి పెచ్చులూడుతోంది. ఈ పూట తినకపోతే తన పని అయిపోయినట్టేనని దానికి భయం పట్టుకుంది. దొర్లుకుంటూ వెళ్ళి చెట్ల బంతిలో కూర్చుంది.

"ఏమమ్మో, నీకు ఒక్క పచ్చాకైనా ఉందా? ఎండనెట్లా తింటావు?" అంది మోదుగ చెట్టు.

బూజమ్మ ఒళ్ళంతా వెతుక్కుంది. ఒక్క ఆకూ లేదు. 'అయితే నేను జంతువునేమో' అనుకుని ఎదురుబంతికి దొర్లింది.

"రా రా, కూర్చో! ఏదీ, నోరు తెరువు" అంది ఎలుగుబంటి.

బూజమ్మ మళ్ళీ వెతుక్కుంది. నోరు కూడా లేదు! ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వింది. "నోరు ఇంట్లో మర్చిపోయి భోజనానికొచ్చావా తల్లీ?"

బూజమ్మకు అంతా అయోమయంగా ఉంది. ఏడుపొచ్చింది. ఏడవడానికి కళ్ళైనా లేవాయె!

"అమ్మా, నేను ఏ బంతిలో కూర్చోవాలి?" అని నేలమ్మనడిగింది.

నేలమ్మా తికమకపడింది. "నాకూ తెలీడం లేదే పిల్లా. బంతులు లేచిపోయాయి. ఇక మిగిలినవి ఎంగిలాకులూ ఎండుపుల్లలూను. అవి తింటావా?"

తింటుంది! కానీ ఎటు పోవాలి? కుడివైపు కుళ్ళిన ఆకుల వాసన. ఎడమవైపు మెత్తబడ్డ మాను వాసన. కుడికి పోదామంటే ఎడమది కమ్మగా ఉంది. ఎడమకి తిరిగితే కిందనుంచి పండుతొక్క రమ్మంటోంది.

ఏదీ వదులుకోలేక బూజమ్మ కుడికి కాస్త సాగింది, ఎడమకి కాస్త సాగింది, కిందికీ సాగింది. ఒళ్ళు బెల్లంపాకంలా తీగలు తీగలుగా వచ్చింది. ప్రతి తీగకీ మళ్ళీ రెండు దారులు ఎదురయ్యాయి. ఎటు పోవాలో తోచక ప్రతి తీగా రెండుగా చీలింది.

ఒక తీగ ఆకుకి తగిలింది. తీగ కొసన నీరూరింది. ఆ నీటికి ఆకు మెత్తగా కరిగింది. తీగ ఆ రసాన్ని పీల్చుకుంది.

"అరెరె, నోరు లేకుండానే తింటున్నానే!" అంది బూజమ్మ. పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది.

తీరా తడుముకుంటే ముద్ద మాయమైంది. ఎక్కడ చూసినా సన్నటి తెల్లపోగులే. బూజమ్మ హడలిపోయింది.

"అమ్మా! ఇందులో నేనేది?"

"తింటున్నదేదో అదే నువ్వు."

"అన్నీ తింటున్నాయమ్మా!"

"అయితే అన్నీ నువ్వే. ఆకలి తీరిందా?"

బూజమ్మ ఒక్కో కొసనూ కదిపి చూసుకుంది. "ఈ కొసకి తీరింది. ఆ కొసకి ఇంకా తీరలేదు" అంది.

అప్పటినుంచే బూజు పోగులు పోగులుగా పెరుగుతోంది. కావాలంటే వానాకాలంలో మూలన పడేసిన తోలుచెప్పులు తీసి చూడండి. ఎటు పోవాలో దానికి ఇప్పటికీ తెలియదు. అందుకే అన్నివైపులకీ పోతుంది.