నమ్మి ఉండిపోయినవాళ్ళు

విమలుడనే భిక్షువు కాషాయం కట్టకముందు న్యాయవాది. సన్యసించినా ఆ చదువు తలలోంచి పోలేదు. నిజానికి, ఆ చదువంటే అతనికి లోలోపల కాస్త గర్వమే.

అతనుండే విహారం సరిహద్దు ఏటికి ఈవల, కొండ మీద ఉండేది. ఆవలి ఒడ్డున సైనికులు ఊళ్ళు తగలబెడుతుంటే జనం ఏరు దాటి వచ్చి విహారంలో తలదాచుకున్నారు. కొన్నాళ్ళకి, ఈవలి ప్రభుత్వం అందరినీ వెనక్కి పంపేస్తుందన్న వార్త పొక్కింది. చాలామంది దొరికిన దారిన అడవిలోకి పారిపోయారు.

మా ఖిన్ అనే ముసలామె, నిండు చూలాలైన కోడలి చెయ్యి పట్టుకుని విమలుడి దగ్గరికి వచ్చింది.

"మేమూ పోవాలా స్వామీ?"

"అక్కర్లేదమ్మా. ప్రాణభయంతో వచ్చినవాళ్ళని మళ్ళీ ఆ భయంలోకే నెట్టకూడదని దేశాలు కలిసి రాసుకున్నాయి. మిమ్మల్నెవరూ ముట్టుకోలేరు."

ఆమె ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళని తీసుకుపోవడానికి ఒక అధికారితో లారీ వచ్చింది. విమలుడు అడ్డం నిలబడి తనకు తెలిసిన చట్టమంతా చెప్పాడు. అధికారి ఓపిగ్గానే విన్నాడు.

"మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు స్వామీ."

"పెట్టకపోయినా ఆ నియమం తప్పదు!"

"కావచ్చు. నాకు మాత్రం ఉత్తర్వు తప్పదు."

కోడలిని లారీ ఎక్కించారు. మా ఖిన్ ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసింది.

"మీరు చెప్పారు కదా, స్వామీ."

విమలుడు వెళ్ళి గురువు సుమేధుడి ముందు కూలబడ్డాడు.

"భంతే, నేను అబద్ధం చెప్పానా?"

సుమేధుడు మెల్లగా లేచి, లారీ దగ్గరికి నడిచి, చక్రం మీద కాలు మోపి పైకెక్కాడు. కోడలి పక్కన కూర్చున్నాడు.

అధికారి కంగారుపడ్డాడు. "దిగండి స్వామీ! అవతల మిమ్మల్ని బతకనివ్వరు."

"ఈ బిడ్డని బతకనిస్తారా?"

అధికారి బండి తియ్యమని డ్రైవరుకి సైగ చేశాడు.

విమలుడు పరిగెత్తుకొచ్చి తానూ ఎక్కబోయాడు. లారీని పట్టుకున్న అతని చెయ్యి సుమేధుడు విడిపించాడు.

"నువ్వు వద్దు."

"మరి నన్నేం చెయ్యమంటారు భంతే?"

"ఆ మాట నువ్వు వీళ్ళకి చెప్పావు, విమలా. వినవలసినవాళ్ళు వీళ్ళు కారు."

లారీ వంతెన దాటింది. అందులో వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఆ రోజే విమలుడు కొండ దిగాడు. ఆ ముగ్గురి పేర్లూ, ఆ నియమమూ చెబుతూ ఇప్పటికీ పట్నంలో సర్కారు కచేరీల మెట్లెక్కుతూనే ఉన్నాడు. ఇంతవరకూ ఒక్కరూ లోపలికి రమ్మనలేదు.