ఒక్క చుక్క

ఆ సీసాను చూస్తే దస్తగిరికి ఏడుపొచ్చింది.

కొండవాలు మీది నిమ్మగడ్డినంతా కోసి, మోపులు కట్టి దించి, పెద్ద బానలో కుక్కి, కింద మంట పెట్టి ఆవిరి పట్టాడు. పొగకు కళ్లు వాచిపోయాయి. తీరా చల్లబడిన ఆవిరిలోంచి తేరిన నూనె బొటనవేలంత సీసాకు సగం కూడా రాలేదు. గురువు సాయం లేకుండా అతను సొంతంగా తీసిన మొదటి నూనె అది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కాబోలు అనుకుంటూ రెండు వేళ్లతో ఆ సీసాను గూట్లో పెట్టాడు.

గురువు ఖలందర్ తాత ఫకీరు. కొండ కింద రాతి గుడిసెలో ఉండేవాడు. కీళ్లు పట్టాయని, ఒళ్లు నొప్పులని వచ్చిన వాళ్లకు గిన్నెడు నువ్వుల నూనెలో ఈ నూనె ఒక్క చుక్క కలిపి ఇచ్చేవాడు. దస్తగిరికి అది ఎప్పుడూ మింగుడు పడేది కాదు.

"ఇంగ కొంచెం వేస్తే ఏం పోతాది తాతా? పిసినారోళ్లు అనుకుంటారు" అనేవాడు. తాత నవ్వి, ఆ ఒక్క చుక్కే వేసేవాడు.

ఒకనాడు తెల్లవారకముందే సుంకమ్మ అనే ఆవిడ చంటిపాపను ఎత్తుకుని, కొండదారిన నడిచి వచ్చింది.

"సామీ, పాపకు ముక్కులు బిగుసుకుపోయినాయి. రేతిరి నుంచి పాలు తాగల్యా, నిద్ర పోల్యా" అంది గుమ్మంలోనే.

తాత అప్పటికే నమాజుకు ముందు చేతులూ కాళ్లూ కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. దస్తగిరికి ఉత్సాహం ఆగలేదు. తన నూనె గొప్పతనం ఇప్పుడు కదా తెలిసేది!

"భయపడాకమ్మా" అంటూ సీసా అరచేతిలోకి వంచాడు. "ముక్కు కింద ఇంత, ఎద మీద ఇంత పూసినామంటే చిటికెలో దిగిపోతాది."

ఆ చెయ్యి పాప ముఖం దాకా వెళ్లింది. వెనక నుంచి తడిచెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది. ముసలి తాతకు అంత పట్టు ఉందని దస్తగిరికి అప్పుడే తెలిసింది.

తాత అతన్ని పాపకు దూరంగా తీసుకుపోయాడు. పుల్ల ఒకటి సీసాలో ముంచి, అతని పైపెదవి మీద ఒక్క చుక్క తాకించాడు.

ముందు వాసన తగిలింది. తను కోసిన కొండవాలంతా లేచి వచ్చి ముఖం మీద పడ్డట్టనిపించింది. ఆ వెంటనే మంట. కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. ఊపిరి తీయబోతే అందక నోరు తెరిచాడు.

"ఎంత వేసినాన్రా?" అన్నాడు తాత.

"ఒక్క... చుక్క."

"మోపులు మోసేవాడివి, నీకే గాలి ఆడల్యా. ఆ బిడ్డ ఊపిరి ఎంతరా అబ్బీ?"

దస్తగిరి పాప వంక చూశాడు. పిచ్చుకంత ఎద, ఎగసెగసి పడుతోంది. తను చేయబోయిన పని తలుచుకుని, నూనె అంటిన చేతిని వెనక్కి దాచుకున్నాడు.

తాత అతని పెదవినీ చేతినీ నువ్వుల నూనెతో తుడిపించి, కుంకుడురసంతో కడిగించాడు. పాపకు ఏ నూనెనూ పూయలేదు. ఉత్త నీళ్లే ఎసరు పెట్టి గదంతా చెమ్మగిల్లనిచ్చాడు. మెత్తని గుడ్డను వత్తిలా చేసి పాప ముక్కు శుభ్రం చేయించాడు. కాసేపటికి పాప చప్పరిస్తూ పాలు తాగడం వినిపించింది. ఆ చప్పుడు వింటూ దస్తగిరి మూల కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మళ్లీ ఎగశ్వాస వస్తే నా దగ్గరికి కాదు, నేరుగా ఆసుపత్రికి పోవాల" అని తాత సుంకమ్మకు చెప్పాడు. నడిచి నడిచి ఆమె పిక్కలు పట్టేశాయి. తాత గిన్నెలో నువ్వుల నూనె పోసి, దస్తగిరి సీసాలోంచి ఒక్క చుక్క కలిపాడు. "ఇది నీ కాళ్లకు. పాప దగ్గరికి రానీయాకు. నోట్లోకి అసలే పోకూడదు."

సుంకమ్మ గిన్నెలోకి చూసింది. "ఒక్క చుక్కేనా సామీ?"

దస్తగిరి ఉలిక్కిపడి తల ఎత్తాడు.

తాత తలుపు బార్లా తీశాడు. తూరుపున కోసేసిన కొండవాలు బోడిగా కనబడింది. దాని పైన, తెలుపెక్కుతున్న ఆకాశంలో, వేగుచుక్క వెలుగుతోంది.

"తెల్లారేదానికి అదొక్కటి చాలల్యా తల్లీ?"

దస్తగిరి ఆ చుక్క వంక చూశాడు. తర్వాత లేచి వచ్చి, సీసాను రెండు చేతులతో తీసుకుని బిరడా బిగించాడు.