పాటల పెట్టెకి మట్టి ఇచ్చారు

నక్కలవలసలో జోగినాయుడి ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు.

"ఊళ్ళోవాళ్ళు వినేదొకటి, చేసేదొకటి. మనం అలా కాదు. ఎవరేం చెబితే అది చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అంతకంటే తెలివేటుంది?" అని జోగినాయుడు రోజూ అన్నం తింటూ ఒకసారి అనేవాడు. పెళ్ళాం తవిటమ్మ, తమ్ముడు బైరాగి, మేనత్త గున్నమ్మ అవునని తలలూపేవారు. ఎవరైనా ఊపడం మరిచిపోతే మళ్ళీ మొదట్నుంచీ చెప్పేవాడు.

గున్నమ్మకి డెబ్బై దాటాయి. ఆ మధ్య చెవులు సరిగ్గా వినబడటం లేదంటే విజయనగరం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారు. "వయసు కదా, ఇంకో ఆరు నెలల్లో చెవులు పోతాయి" అన్నాడాయన. అంతే! ఇంటికొస్తూనే బైరాగి పొడుగాటి తువ్వాలు తెచ్చి, అత్త తల చుట్టూ చెవుల మీదుగా బిగించి కట్టేశాడు.

"ఇప్పుడెలా పోతాయో నేనూ చూస్తాను" అన్నాడు.

"ఒరే, ఉన్నది కూడా వినబడటం లేదురా" అని గున్నమ్మ ఆ తువ్వాలు ఊడదీసి, తన ట్రంకుపెట్టె తెరిచింది. చీరల మడతల్లోంచి నల్లటి రికార్డు ఒకటి తీసింది.

"నాకు పదహారేళ్ళప్పుడు అమ్మోరి తీర్థంలో పాడుతుంటే, రికార్డుల కంపెనీవాళ్ళు విని, పట్నం పిలిపించి ఈ పాట పాడించారు. ఆ ఏడే పెళ్ళయింది. మీ మావ పాడొద్దన్నాడు. ఇది పెట్టుకుని వినే మిషనూ ఇంట్లో లేదు. నా గొంతు నేను ఒక్కసారైనా వినలేదురా. చెవులు పోకముందే వినాలనుంది" అంది.

తవిటమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. జోగినాయుడు మీసం తుడుచుకున్నాడు. "ఇంత తెలివైన మేనల్లుళ్ళని పెట్టుకుని బెంగెందుకత్తా?" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ మర్నాడు పొద్దున్నే బస్సెక్కారు.

విజయనగరంలో జలీల్ సాయిబని ఒకాయన, పాత రేడియోలూ పాత రికార్డు ప్లేయర్లూ బాగుచేసి అమ్ముతాడు. ఓపికమంతుడు. వీళ్ళకి మూతపెట్టెలా ఉన్న ప్లేయరొకటి తెరిచి చూపించాడు. లోపల గుండ్రటి పళ్ళెం, పక్కన సన్నటి లోహపు చెయ్యి, ముందువైపు సౌండొచ్చే జల్లెడ.

"సెకండ్ హ్యాండే గానీ సరుకు రాయిలాంటిది" అన్నాడు.

బైరాగి పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. "సెకండ్ హ్యాండు ఇదిగో ఉంది. మరి ఫస్టు హ్యాండేదండీ?"

సాయిబుకి నవ్వొచ్చింది. "అది ఎప్పుడో పోయిందిలెండి."

"అయ్యో! బస్సు కింద పడిందేటండీ?" అన్నాడు జోగినాయుడు జాలిగా.

సాయిబు ఒక క్షణం వాళ్ళ మొహాలు చూసి, వ్యాపారం మాటల్లోకి దిగాడు. "చూడండి బాబూ, దీని ముల్లు అరిగిపోయింది..."

"ముల్లు కూడా అరిగిందా!" అన్నాడు బైరాగి నోరు తెరిచి. "మా అత్తకి ఇడ్లీయే అరగదు. ఎంత గట్టి పొట్టండీ దీనిది!"

"ఒక్క వారం ఆగితే కొత్త ముల్లు తెప్పిస్తాను."

"ముల్లుకి వారం ఎందుకండీ? మా ఊళ్ళోనే బోలెడు."

సరే, వాళ్ళ ఊళ్ళో ఏదో షాపుందేమో అనుకున్నాడు సాయిబు. "అయితే మంచి ముల్లు చూసి పెట్టుకోండి. మీ రికార్డు పాతకాలంది, నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలి. సౌండు తక్కువనిపిస్తే కొద్దికొద్దిగా పెంచండి. అంతే, ఇంకేం లేదు" అని చెప్పి, ఏదైనా అవసరమొస్తే చెయ్యమని ఫోన్ నంబరు రాసిచ్చాడు.

ముల్లు, చుట్లు, పెంచడం. ముల్లు, చుట్లు, పెంచడం. బస్సులో దారి పొడుగునా అదే జపం. కండక్టరు టికెట్టని అడిగితే కూడా బైరాగి "ముల్లు" అన్నాడు.

ఇంటికొచ్చి పెట్టెని నట్టింట్లో పీట మీద పెట్టారు. తీగని గోడ ప్లగ్గులో గుచ్చారు. స్విచ్చి నొక్కమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నొక్కలేదు. ముందు ముల్లు సంగతి తేలాలి.

"తుమ్మముల్లు పెడదాం, గట్టిగా ఉంటుంది" అన్నాడు జోగినాయుడు.

"అది గుచ్చుకుంటే పాట ఏడుపులా వస్తుందన్నా. గోడ గడియారం ముల్లు తీసి పెడదాం."

"గడియారం ముల్లు పెడితే పాట గంటకోసారే వస్తుంది" అంది తవిటమ్మ. "మంచి ముల్లంటే చేపముల్లే. బొచ్చె చేప తెండి."

ఇంకేముంది! బొచ్చె చేప తెచ్చారు, పులుసు పెట్టారు, తిన్నారు. కంచాల్లో మిగిలిన ముళ్ళన్నీ కడిగి, వాటిలో నిటారుగా ఉన్నదాన్ని ఏరి, ఆ లోహపు చేతికి దారంతో కట్టారు. ఇల్లంతా పులుసు వాసన.

తర్వాత చుట్లు. అన్నదమ్ములూ తవిటమ్మా పెట్టె చుట్టూ పరుగందుకున్నారు. గున్నమ్మ గడియారం చూస్తూ కూర్చుంది. నిమిషం అయ్యేసరికి ముగ్గురికీ నాలుకలు బయటికొచ్చాయి. మనిషికి పందొమ్మిది చుట్లే అయ్యాయి.

జోగినాయుడు గోడకి చేరబడి బొగ్గుతో లెక్క వేశాడు. "మూడు పందొమ్మిదులు యాభై ఏడు. అత్తా, నువ్వూ కలిస్తే డెబ్బై ఆరు."

"ఇంకా రెండు తక్కువ కదా!" అంది తవిటమ్మ.

"ఆ రెండూ మేక తిరుగుతుంది."

ఎంత తెలివి! మేకని లోపలికి తోలుకొచ్చారు. గున్నమ్మ రికార్డుని గుండెలకి హత్తుకుని పరుగెత్తింది. దాన్ని ఆ పళ్ళెం మీద పెట్టమని సాయిబు చెప్పలేదు కదా, అందుకని ఎవరికీ తట్టలేదు. మేక రెండు చుట్లూ బుద్ధిగా తిరిగింది గానీ మూడో చుట్టుకి బైరాగి కాళ్ళకి అడ్డంపడింది. బైరాగి వెళ్ళి గోడకి గుద్దుకున్నాడు. మోచెయ్యి స్విచ్చి మీద పడింది.

పెట్టెలో చిన్న దీపం వెలిగింది. పళ్ళెం గిర్రున తిరిగింది. పాట రాలేదు. సన్నగా 'మ్...' అని ఒక చప్పుడు మాత్రం వచ్చింది.

"వచ్చింది! కానీ సౌండు చాలా తక్కువుంది" అన్నాడు జోగినాయుడు.

"పసిది కదా, పెంచాలి. కొద్దికొద్దిగా పెంచమన్నాడు సాయిబు" అన్నాడు బైరాగి.

"ఏం పెట్టి పెంచాలి?"

"దూడని దేంతో పెంచాం? తవుడుతోనే కదా!" అని తవిటమ్మ లోపలికెళ్ళి గంపెడు తవుడు తెచ్చింది. జల్లెడ కన్నాల్లోంచి గుప్పెడు గుప్పెడూ పోసి, గరిటె కాడతో కూరింది. పెట్టె 'మ్మ్మ్మ్' అని గట్టిగా మూలిగింది.

"పెరిగింది!" అన్నాడు బైరాగి.

"పెరగడం కాదురా, అది మూలుగు. మా అమ్మ పోయేముందు ఇలాగే మూలిగింది" అంది గున్నమ్మ భయంగా.

జోగినాయుడు సాయిబుకి ఫోన్ చేశాడు. "అయ్యా, మీ పెట్టె ఒకటే మూలుగుతోందండీ!"

"మూలుగుతోందా? అయితే ఎర్తు ఇవ్వలేదన్నమాట. ఎర్తు ఇవ్వండి, మూలుగు ఆగిపోతుంది."

"ఎర్తంటే ఏటండీ?"

"మట్టండీ బాబూ, మట్టి!" అని సాయిబు, షాపుకి బేరమొచ్చిందని పెట్టేశాడు.

జోగినాయుడు ఫోన్ దించి, అందరి వంకా చూశాడు. "మట్టి ఇచ్చెయ్యమన్నాడు. ఇంక లాభం లేదట."

ఇంకేముంది! తవిటమ్మ ఘొల్లుమంది. పెట్టె తీగ లాగేసరికి మూలుగు ఆగిపోయింది. "పోయింది, ప్రాణం పోయింది" అని బైరాగి దీపం పెట్టాడు. పెట్టెకి కొత్త పంచె చుట్టి, పెరట్లో మునగచెట్టు పక్కన గొయ్యి తవ్వి దించారు. తలా పిడికెడు మట్టి వేశారు. గున్నమ్మ అందరికంటే చివర వేసింది.

"నా పాట వినకుండానే పోయావా తల్లీ" అని రికార్డు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూలబడింది. ఆ పూట ఎవరూ అన్నం ముట్టలేదు. జోగినాయుడు తెలివి గురించి చెప్పడం కూడా మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ సాయిబుకి ఫోన్ చేశాడు. "అయ్యా, మీరు చెప్పినట్టే మట్టి ఇచ్చేశామండీ. ఏ లోటూ రానివ్వలేదు. పదకొండో రోజుకి మీరు తప్పకుండా రావాలి. దాని తరఫు చుట్టం మీరొక్కరే."

సాయిబు రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. మూడోసారి అడగలేదు, స్కూటరెక్కాడు.

వస్తూనే పెరట్లోకి నడిచి, పార అందుకుని తవ్వాడు. తవిటమ్మ కళ్ళు మూసుకుంది. సాయిబు పెట్టెని అరుగు మీదికి తెచ్చి, వెనకభాగం విప్పి దులిపాడు. రెండు శేర్ల తవుడు రాలింది. మేకకి పండగయింది. ఆ లోహపు చేతికున్న దారం చూసి, "ఇదేంటి?" అన్నాడు.

"మంచి ముల్లండీ, బొచ్చెది. తాజాదే" అంది తవిటమ్మ.

సాయిబు దాన్ని మెల్లగా విప్పి పక్కన పెట్టాడు. వేరే ప్లేయర్లోంచి పీకి తెచ్చిన అసలు ముల్లు జేబులోంచి తీసి బిగించాడు. ఎర్తు తీగ కలిపాడు. లోపలికి తీసుకెళ్ళి పీట మీద పెట్టాడు. గున్నమ్మ దగ్గర రికార్డు రెండు చేతులతో అందుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, పళ్ళెం మీద పరిచాడు.

"ఇప్పుడు నేను చెప్పేది చెప్పినట్టు చెయ్యండి. ఎవ్వరూ దీన్ని ముట్టుకోవద్దు. చెయ్యి కూడా ఆనించొద్దు. పాట ఏం చెబుతోందో వినండి. అంతే."

"ఆ మాత్రం మాకు తెలీదా!" అన్నాడు జోగినాయుడు.

చరచరమని చప్పుడొచ్చింది. ఆ చప్పుడు వెనకనుంచి, ఎక్కడో దూరాన్నుంచి నడిచొస్తున్నట్టు, ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. లేతగా, బెరుకు లేకుండా, నిండుగా. గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది నేనేరా" అంది.

బైరాగి మూత కింద తొంగిచూశాడు. "నువ్విక్కడుంటే, అక్కడున్నదెవరత్తా?"

"పదహారేళ్ళ పిల్లరా. నేనొచ్చేశాను, అది అక్కడే ఉండిపోయింది" అంది గున్నమ్మ. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, పెదవులు పాటతో కలిసి కదులుతున్నాయి. జలీల్ సాయిబు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పాట ఇలా సాగింది:

*ఎండన బడి వచ్చినానే వదినమ్మా,*
*ఏటి గట్టు దాటినానే వదినమ్మా,*
*గొంతు ఎండిపోయెనే వదినమ్మా,*
*గుక్కెడు నీళ్ళు పొయ్యవే వదినమ్మా...*

ఆ ఇంట్లో వదినెవరు? తవిటమ్మే. పాట ఏం చెబుతోందో వినమన్నాడు సాయిబు, ఆమె విన్నది. అంతే! దిగ్గున లేచి, వంటింట్లోకి పరుగెత్తి, కుండలో చల్లటి నీళ్ళు పెద్ద చెంబుతో ముంచుకొచ్చి, పెట్టె నడినెత్తిన గుమ్మరించింది.

చుర్రుమంది. పొగొచ్చింది. పాట ఆగిపోయింది. ఇంట్లో దీపాలూ ఫ్యానూ కూడా ఆగిపోయాయి. సాయిబు గబుక్కున తీగ పీకేసి, నోరు తెరిచి తవిటమ్మ వంక చూశాడు.

"మీరు చెప్పినట్టే ముట్టుకోలేదండీ" అంది తవిటమ్మ. "దూరంగా నిలబడే పోశాను."

గున్నమ్మే లేచింది. పెట్టె దగ్గర కూర్చుని చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఆమె మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఎన్నేళ్ళ దాహమో పాపం! తీరింది. నిద్రపోయిందర్రా, ఎవరూ గట్టిగా మాట్లాడకండి" అంది.

ఇంకేముంది! బైరాగి దూలానికి చీరతో ఉయ్యాల కట్టాడు. జోగినాయుడు పెట్టెని ఎత్తి అందులో పడుకోబెట్టాడు. గున్నమ్మ దాన్ని ఊపుతూ, యాభై ఏళ్ళకు పైగా మూసుకున్న గొంతు విప్పి, సన్నగా జోలపాట అందుకుంది.

జలీల్ సాయిబు కాసేపు గుమ్మంలో నిలబడి విన్నాడు. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద బయటికి నడిచి, స్కూటరుని వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్ళి అప్పుడు స్టార్టు చేశాడు.