కొఠారులో దయ్యం

వానలు మొహం చాటేసిన ఏడాది, ఒక సీమలో జనం గుప్పెడు జొన్నల కోసం అల్లాడుతుంటే, రాజుగారి ధాన్యపు కొఠారు మీద అధికారి భైరవనాయకుడు "కొఠారు ఖాళీ" అని చేతులెత్తేశాడు. కానీ పొద్దుగూకేవేళ, తాళం వేసిన ఆ తలుపుల వెనక ఏదో నములుతున్న చప్పుడు వినిపించేది. కరకర, కరకర.

"ఆకలితో చచ్చినవాళ్ళ దయ్యమది. తలుపు తీస్తే మీదపడుతుంది," అన్నాడు నాయకుడు. జనం ఆ దారినే నడవడం మానేశారు.

ధాన్యం చెరిగి బతికే ముత్తాలు ఓ సాయంత్రం వెళ్ళి గోడకు చెవి ఆనించింది. గోడంతా నములుతున్నట్టే ఉంది. చెవి తియ్యకుండా అలాగే వింది. గింజలు తొలిచే ముక్కపురుగు పట్టిన గాదెల్లో తాను ఏటా వినే చప్పుడే అది. కాకపోతే ఇంత పెద్దగా ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దుగూకేవేళ ఎండుగడ్డి మోపులతో ఊరందరినీ వెంటబెట్టుకొచ్చింది.

"దయ్యం చేరిన పాడుకొంపను తగలబెట్టడం మన ఆచారం కదా దొరా! ఖాళీ కొఠారేగా, మీ చేత్తోనే నిప్పు పెట్టండి."

"రాజుగారి కట్టడం..." అని నాయకుడు నసిగాడు.

"గోడలు మళ్ళీ కట్టుకోవచ్చు," అంటూ ఆమె కాగడాను తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఆగవే! లోపల జొన్నలున్నాయి!"

జనం తలుపు దగ్గరికి జరిగారు. లోపలి కరకర మరింత గట్టిగా వినిపించింది.

ముత్తాలు కాగడాను మట్టిలో పొడిచి ఆర్పింది.

"తాళం తియ్యండి దొరా. మీ దయ్యం మాకేమైనా మిగిల్చిందేమో చూస్తాం."